బహిరంగ సాఫ్ట్‌వేరు రచనలో శాఖలు, విలీన వినతులు

పెరంబూరున నివసించు తెలుగువారికి రైలుమార్గముల పరిభాష క్రొత్తది కాదు. 1856వ సంవత్సరము జూలై 1వ తేదీన దక్షిణదేశపు మొదటి రైలుబండి రాయపురమునుండి ఆర్కాటు దిక్కునకు సాగినది మొదలు ఈ పేట రైల్వే కర్మాగారములతో కలసి పెరిగినది. క్యారేజి వర్క్సు, లోకో వర్క్సు అనునవి ఇచ్చట స్టేషన్ల పేర్లుగనే వినబడుచున్నవి. 1955 అక్టోబరు 2వ తేదీన ప్రారంభింపబడిన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ఈ పేటకు దేశమంతటను పేరు తెచ్చినది. ఇట్టి పేటలో బ్రాంచి అన్నంతనే స్ఫురించునది రైలు బ్రాంచియే. సెంట్రలు స్టేషనునుండి బయలుదేరిన మార్గములు బేసిన్ బ్రిడ్జి వద్ద చీలి, ఒకటి గూడూరు వైపునకు, మరియొకటి పెరంబూరు మీదుగా అరక్కోణము వైపునకు పోవును. చీలిన పిదప దేని గమ్యము దానిది.

కంప్యూటరు సాఫ్ట్‌వేరు రచించువారు కూడ బ్రాంచి అను మాటనే వాడుదురు. కాని వారి బ్రాంచి గూడూరు మార్గము వంటిది కాదు. స్టేషనులోని లూపు లైను వంటిది. లూపు లైను మెయిను లైనునుండి పాయింట్ల మీదుగా ప్రక్కకు తొలగును. దానిపైనున్న బండి తన పని చూచికొని, సిగ్నలు లభించిన పిదప మరల మెయిను లైనునే చేరును. తిరిగి చేరుటకే అది విడిపోవును. ఈ భేదమును మనసున నుంచుకొనినచో, క్రింద చెప్పబోవు నియమములలో సగము వాటంతట అవియే బోధపడును.

సాఫ్ట్‌వేరు అనునది యంత్రము కాదు, రచన. మనుష్యులు వాక్యములవలె పంక్తులు పంక్తులుగా వ్రాసిన పాఠము. దానిని యంత్రము చదివి నడచుకొనును. ఆ మూలపాఠమును రహస్యముగ నుంచుకొను సంస్థలు కొన్ని. దానిని ఎల్లరకును విప్పి చూపి, చదువుటకు, సవరించుటకు, సవరించిన దానిని మరల పంచుటకు అనుమతి నొసగు పద్ధతి వేరొకటి. 1983లో రిచర్డు స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించుటతో ఈ రెండవ పద్ధతి ఒక ఉద్యమ రూపము దాల్చినది. 1998లో దీనికి ఓపెన్ సోర్సు అను పేరు రూఢమైనది. ఆండ్రాయిడు ఫోను, ఫైర్‌ఫాక్సు, లిబ్రె ఆఫీసు వాడు ప్రతి తెలుగువాడును, ఎరిగియో ఎరుగకయో, ఈ రెండవ పద్ధతి ఫలమును అనుభవించుచునే యున్నాడు.

ఇందు తెలుగువారికి ప్రత్యేకముగ పట్టింపవలసిన దేమి? 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటన దీనికి సమాధానము చెప్పును. జకారము, పొల్లు, ఞకారము, వాని వెంట కంటికి కానరాని ఒక విభాజక చిహ్నము, ఆపైన ఆకారపు దీర్ఘము - ఈ వరుసలో కూర్చిన ఒక తెలుగు అక్షరము సందేశముగా వచ్చినంతనే ఐఫోనులలోని అనువర్తనములు స్తంభించిపోయినవి. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమునకు మూర్ఛ తెప్పించినదని పత్రికలు వినోదముగ వ్రాసినవి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19వ తేదీన సవరణ విడుదల చేసినది. అంతవరకు, తెలుగు లిపిలో గుణింతమును ఒత్తును ఏ వరుసలో నిలుచునో పుట్టుకతో ఎరిగిన కోట్లాది జనులు చేయగలిగిన దేమియు లేకపోయెను. ఏలయన ఆ మూలపాఠము వారికి తెరచి యుండలేదు. ఫైర్‌ఫాక్సులోను, క్రోములోను, ఆండ్రాయిడులోను తెలుగు అక్షరములను కూర్చు హార్ఫ్‌బజ్ అను సాధనము సంగతి వేరు. దాని మూలపాఠము బహిరంగము. అందొక తెలుగు సంయుక్తాక్షరము చెడినచో చెడిన పంక్తిని చూపగల హక్కు, సవరించి తేగల హక్కు పెరంబూరు విద్యార్థికిని కలదు. హక్కు కలదు గాని, తెచ్చు విధానము తెలియనిదే అది అక్కరకు రాదు.

ఒక పాఠమును పలువురు చేపట్టినప్పుడు పుట్టు చిక్కులు తెలుగువారికి తాళపత్రముల నాటినుండియు తెలిసినవే. ఒక లేఖకుడు ఒక పద్యమును వ్రాసికొనుచు ఒక పదమును మార్చును. అతని ప్రతినుండి వ్రాసికొనిన మరియొకడు ఒక చరణమును జారవిడుచును. మూడవవాడు తనకు నచ్చిన పద్యము నొకదానిని చేర్చును. ప్రతి ప్రతియు ఒక శాఖయే. కాని ఏ శాఖ ఎచ్చట చీలినదో, ఎవరు మార్చిరో, ఎందుకు మార్చిరో వ్రాసి పెట్టినవారు లేరు. చీలినవి మరల కలిసినది అంతకన్న అరుదు. 1829లో వేమన పద్యములను అచ్చు వేయించిన చార్లెసు ఫిలిపు బ్రౌను ఎదుర్కొనిన కష్టము ఇదియే. ఒక్కొక్క గ్రంథమునకు లభించినన్ని ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్పించి, పాఠాంతరములు గుర్తింపజేసి, ఒక పాఠమును నిర్ణయించుటకు అతడు ఏండ్ల తరబడి శ్రమించెను. సొంత ధనమును వెచ్చించెను. అతడు సేకరించిన వ్రాతప్రతులు చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. చీలిపోయిన శాఖలను శతాబ్దముల పిమ్మట కలుపుట ఎంత వ్యయప్రయాసలతో కూడినదో తెలిసికొనగోరువారు ఆ ప్రతుల అంచులు చూచిన చాలును.

కంప్యూటరు పాఠములకు మార్పుల చరిత్రను భద్రపరచు సాధనములు 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలో ఆరంభమైనవి. తొలినాటి సాధనముల పద్ధతి సింగిలు లైనుపై టోకెను పద్ధతి వంటిది. టోకెను బంతి చేతికి రానిదే డ్రైవరు తరువాతి సెక్షనులో ప్రవేశింపరాదు. అట్లే, ఒక ఫైలుకు తాళము వేసికొనినవాడు దానిని విడుచువరకు రెండవవాడు అందు చేయి పెట్టరాదు. ఢీకొనుట యుండదు, నిజమే. కాని తాళము వేసినవాడు సెలవుపై ఊరికి పోయెనా, పని యంతయు నిలిచిపోవును. ఆ పిదప వచ్చిన సాధనములు తాళములను సడలించినవి. 2005 ఏప్రిలులో, లినక్సు కర్త యగు లైనస్ టోర్వాల్డ్సు, అంతవరకు తాము వాడుచున్న సాధనమును ఉచితముగ వాడు సౌకర్యము తొలగిపోవుటచేత, గిట్ అను క్రొత్త సాధనమును స్వయముగ వ్రాయ మొదలిడెను. నేడు బహిరంగ సాఫ్ట్‌వేరులో అధికభాగము దీనిపైననే నడచుచున్నది.

గిట్ పద్ధతిలో మూలపాఠము ఒకచోట తాళపుచెవి క్రింద నుండదు. కావలసిన ప్రతివాడును చరిత్రతో సహా పూర్తి ప్రతిని తన యంత్రములోనికి దించుకొనును. చేసిన ప్రతి మార్పును కమిట్ అను పేర నమోదు చేయును. ఆ నమోదులో ఏ పంక్తి పోయినది, ఏ పంక్తి వచ్చినది, ఎవరు, ఏ దినమున, ఏ గంటకు, ఏ కారణమున చేసిరి అనునది యుండును. ప్రతి నమోదునకు దానిలోని విషయమునుండియే గణించిన 40 అంకాక్షరముల గుర్తు ఏర్పడును. ఆ గణనములో దానికి ముందటి నమోదు గుర్తు కూడ ఇమిడియుండును. కావున వెనుకటి నమోదులో ఒక్క అక్షరము మార్చినను తరువాతి గుర్తులన్నియు మారిపోయి దొంగతనము బయటపడును. ఇక శాఖ యన నేమి? ఏదేని ఒక నమోదు గుర్తును వ్రాసి యుంచిన చిన్న చీటి, అంతే. శాఖను సృష్టించుటకు పాఠమంతటిని మరల వ్రాయనక్కరలేదు. ఇంత చౌకయైన దానిని జనులు వాడక, నేరుగ ప్రధాన శాఖలోనే పనిచేయుట కేవలము అలవాటు దోషము.

విషయము స్పష్టపడుటకు ఒక ఉదాహరణము ఊహింతము. ఒక బహిరంగ సాఫ్ట్‌వేరు తెలుగు అనువాదమున, వ్రాసిన పత్రమును నిలువచేయు మీటపై "దాచు" అని యున్నది. పట్టికలోని ఒక వరుసను కంటికి కానరాకుండ చేయు మీటపైనను "దాచు" అనియే యున్నది. తెలుగున ఈ క్రియకు రెండర్థములును సాధువులే. డబ్బు దాచుదురు, మొగము దాచుదురు. కాని వాడువాడు ఏ మీట నొక్కిన పత్రము నిలుచునో, ఏది నొక్కిన మాయమగునో తెలియక తికమకపడును. పెరంబూరులో ఒక విద్యార్థిని దీనిని గమనించినది. ఆమె ఏమి చేయవలెను?

మొట్టమొదట ఆమె చేయవలసినది సవరించుట కాదు, చదువుట. ప్రతి బహిరంగ ప్రయత్నమునందును సహాయకులకొరకు వ్రాసిన ఒక నియమపత్రము సాధారణముగ నుండును. శాఖకు ఏ విధమగు పేరు పెట్టవలెను, ఏ శాఖనుండి చీలవలెను, ఏ పరీక్షలు నడపవలెను అనునవి అందుండును. కొన్నిచోట్ల అనువాదములను మూలపాఠముతోబాటు స్వీకరింపక, దానికై వేరు వేదికను ఏర్పరచి యుందురు. అది తెలియక తెచ్చిన సవరణ ఎంత మంచిదైనను త్రిప్పి పంపబడును. తరువాత, ఇదే దోషమును ఇతరు లెవరైన నివేదించిరేమో వెదకవలెను. లేనిచో, తానే ఒక నివేదిక వ్రాసి, ఈ మార్పు సమ్మతమేనా అని ముందుగ అడుగుట మర్యాద. ఒక పదము మార్పునకు ఇది అతి యనిపింపవచ్చును గాని, పది దినములు శ్రమించి తెచ్చిన పనిని "ఇది మాకు అక్కరలేదు" అనిపించుకొనుటకన్న ఒక పూట ముందుగ అడుగుట మేలు.

అటుపిమ్మట శాఖ. ఆమెకు అసలు భాండారములో వ్రాయు అధికార ముండదు. ఎవరికిని మొదట నుండదు. కావున దానికి తన పేర ఒక నకలు తీసికొనును. దీనినే ఫోర్కు అందురు. ఆ నకలులో, ప్రధాన శాఖ యొక్క నేటి స్థితినుండి ఒక క్రొత్త శాఖను చీల్చును. నేటి స్థితి యను మాట ముఖ్యము. మూడు నెలల క్రిందటి స్థితినుండి చీలినవాడు, ఈలోపల ఇతరులు మార్చిన పంక్తులనే మరల మార్చి చిక్కు తెచ్చుకొనును. శాఖ పేరు చూచినంతనే పని తెలియవలెను. తన పేరో, "క్రొత్తది" అనియో, "సవరణ 2" అనియో పెట్టుట చూచువారికి ఉపకరింపదు. శాఖల పేర్లు వాడుకలో రోమను లిపిలోనే యున్నవి.

శాఖ ఒక్కటి, పని ఒక్కటి - ఈ నియమమును మించినది లేదు. "దాచు" సవరించుచు విద్యార్థిని మరి నాలుగు అచ్చుతప్పులు చూచును. ప్రక్క ఫైలులో ఖాళీ పంక్తులు అందముగ లేవని తోచును. మీట రంగు కూడ మార్చిన బాగుండు ననిపించును. ఇవన్నియు ఒకే శాఖలో చేర్చినచో, పదము మార్పునకు సమ్మతించి రంగునకు సమ్మతింపనివాడు ఏమి చేయవలెను? పంటి క్రింద రాయి వచ్చిన ముద్దనంతటిని ఉమ్మివేసినట్లు మొత్తమును త్రోసిపుచ్చును. అచ్చుతప్పులకు ఒక శాఖ, రంగునకు మరియొకటి పెట్టవలెను. చీటి వ్రాయుటకు ఖర్చు లేదని ముందే చెప్పబడినది.

నమోదు వాక్యమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసి యున్నది, ఏలయన అనుభవజ్ఞులు సైతము ఇచ్చట అలసత్వము చూపుదురు. మొదటి పంక్తి యాబది అక్షరముల ప్రాంతమున ముగియవలెననియు, తరువాత ఒక ఖాళీ పంక్తి విడిచి కారణము వ్రాయవలెననియు ఆచారము. ఏమి మార్చితిమో గిట్ తానే చూపును. ఎందుకు మార్చితిమో అది చెప్పజాలదు. "పదము మార్చబడినది" అను నమోదు నిరర్థకము. "నిలువచేయుటకును మరుగుపరచుటకును ఒకే క్రియ యుండుటచే వాడువారు పొరబడుచున్నారు, కావున మొదటిదానికి వేరు పదము" అనునది నమోదు. పదేండ్ల పిమ్మట, ఈ విద్యార్థిని వేరు దేశమున వేరు పనిలో నుండగా, "ఇంత పొడుగు పదమేల, దాచు అనిన చాలదా?" అని మరియొకడు సవరింపబూనినప్పుడు ఆ ఒక్క వాక్యమే అతనిని ఆపును. తాళపత్ర లేఖకులు ఇట్టి వాక్య మొక్కటి అంచున వ్రాసి యుండిన, బ్రౌనునకు ఎన్ని రాత్రులు కలిసివచ్చెడివో!

తెలుగు పాఠములను సవరించువారికి ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. వీనిని సామాన్య నియమపత్రములు చెప్పవు. గిట్ పంక్తిని పంక్తితో పోల్చును. కంటికి కనబడు ఆకారముతో దానికి పని లేదు, లోపలి సంకేతములతోనే పని. "సాఫ్ట్‌వేరు" అను మాటలో టకారపు పొల్లు విడిగ నిలుచుటకు కంటికి కానరాని విభాజక మొకటి యుండును. ఒకడు దానిని పెట్టి, మరియొకడు పెట్టక, లేక రెండుమార్లు పెట్టి వ్రాసినచో పంక్తి మారినట్లు గిట్ చూపును. చూచువానికి రెండు పంక్తులును ఒక్కటిగనే కనబడవచ్చును. ఐత్వమును ఒకే సంకేతముగను, రెండు సంకేతముల కూర్పుగను వ్రాయవచ్చునని యూనికోడు చెప్పుచున్నది. అచ్చట కూడ ఇదే తంటా. ఇట్టి మార్పు చేసినప్పుడు వివరణలో దానిని విడిగ పేర్కొననిచో పరిశీలకుడు ఏమి మారెనో తెలియక వినతిని ప్రక్కన పెట్టును. మరియొకటి: అనువాద వాక్యములలో, పేరో సంఖ్యయో వచ్చి కూర్చుండుటకు శాతపు గుర్తుతో కూడిన స్థానము లుండును. తెలుగున క్రియ చివరకు పోవుటచేత ఆ స్థానముల వరుస మారును. వరుస సంఖ్యలు వేయక వానిని తారుమారు చేసినను, ఒకదానిని మరచినను, కార్యక్రమమే నిలిచిపోవచ్చును. కావున వినతి పంపకముందే పరీక్షలు నడపుట విధి. వ్యాకరణము సరిగ నుండి యంత్రము కూలిన అనువాదము కన్న, యంత్రము నడచి వ్యాకరణము చెడిన అనువాదమే కొంత నయము.

ఇప్పుడు వినతి. విద్యార్థిని తన శాఖను తన నకలులో ప్రకటించి, అసలు భాండారపు నిర్వాహకులకు విజ్ఞప్తి పంపును. దీనినే పుల్ రిక్వెస్టు అందురు. 2008లో ఆరంభమైన గిట్‌హబ్ ఈ మాటను లోకమున వ్యాపింపజేసినది. గిట్‌ల్యాబ్ దీనినే మెర్జ్ రిక్వెస్టు అనును. తెలుగున విలీన వినతి యనవచ్చును. పుల్ అను మాటయందే దీని మర్యాద యిమిడియున్నది. తెచ్చినవాడు లోనికి త్రోయుట లేదు; "నా శాఖ ఇదిగో, యోగ్యమని తోచినచో మీరే లాగుకొనుడు" అని కోరుచున్నాడు. ద్వారము లోపలివారు తెరువవలెను.

ఈ వినతికి వివరణ వ్రాయుట ఒక కళ. సమస్య యేమి, దానిని ఎట్లు చూడవచ్చును, ఏమి మార్చబడినది, ఏ పరీక్షలు జరిగినవి, ఏది ఉద్దేశపూర్వకముగ విడిచిపెట్టబడినది - ఇంతయు పది వాక్యములలో చెప్పవచ్చును. మీటల చిత్రములు, సవరణకు పూర్వము ఒకటి, తరువాత ఒకటి, జతపరచిన మరియు మంచిది. వినతి చిన్నదిగ నుండవలెను. ఇరువది పంక్తుల మార్పును పరిశీలకుడు పంక్తి పంక్తికి చదువును. రెండువేల పంక్తులు తెచ్చినచో పైపైన చూచి తల ఊపును, లేదా రేపు చూతమని విడిచిపెట్టును. ఆ రేపు తరచుగా రాదు. నిర్వాహకులలో పెక్కుమంది జీతము లేనివారనియు, ఉద్యోగము ముగిసి యింటికి వచ్చిన పిదప రాత్రులు ఈ పని చూచువారనియు మరువరాదు. యంత్రముచేత వ్రాయించిన పాఠమును తాను చదువకయే పంపువారు ఈ మధ్య పెరిగినారు. ఇది నిర్వాహకుని రాత్రిని అపహరించుటయే.

పరిశీలకుడు ప్రశ్నలు వేయును. "ఈ పదము మీటలో పట్టునా?" అని అడుగును. "దాచు" రెండక్షరములది, "భద్రపరచు" ఐదక్షరములది, చిన్న తెరపై చివరి అక్షరములు తెగిపోవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దీనిని అవమానముగ తలచి అలిగి పోవువారు కలరు. తమ పనిని తప్పుపట్టినంతనే తమ్మునే తప్పుపట్టినట్లు భావించుట పండిత సభలనుండి మనకు సంక్రమించిన గుణము కాబోలు. సమాధానము చెప్పవలెను, లేదా అదే శాఖలో మరియొక నమోదు చేర్చవలెను. వినతి దానంతట అదే క్రొత్త స్థితిని చూపును. క్రొత్త వినతి తెరువనక్కరలేదు.

ఈలోపల ప్రధాన శాఖ ముందునకు పోవును. మరియొకడు అదే పంక్తిలో వేరు మార్పు చేసి విలీనము గావించెననుకొనుడు. గిట్ ఇచ్చట ఆగి, రెండు పాఠములను ఒకదాని క్రింద నొకటి చూపి, నిర్ణయమును మనుష్యునికే విడుచును. ఏది సాధు పాఠమో యంత్రము తేల్చదు. ఆ విషయమున దానికి వినయము కలదు. తన శాఖను ప్రధాన శాఖతో సరిచేసికొని చిక్కు విప్పు బాధ్యత వినతి తెచ్చినవారిదే గాని నిర్వాహకునిది కాదు. శాఖను తాజా స్థితిపైకి మార్చి నమోదులను తిరిగి వ్రాయు రీబేస్ అను పద్ధతి యొకటి కలదు. తనదైన శాఖలో అది ఒప్పును. ఇతరులు అప్పటికే దించుకొని పనిచేయుచున్న శాఖలో చేయుట వారి కాళ్ల క్రింది పట్టాలు పీకుటయే. శాఖను నెలల తరబడి ప్రత్యేకముగ పెంచుకొనుటయు మంచిది కాదు. లూపు లైనులో నిలిచిన బండి ఎంత ఆలస్యమైన అంతగా వెనుకబడును. 2010లో విన్సెంటు డ్రీసెన్ ప్రచారములోనికి తెచ్చిన, పెక్కు శాఖలతో కూడిన పద్ధతి కొంతకాలము వేదవాక్యమైనది. 2020లో అతడే, అనుదినము విడుదలయగు సాఫ్ట్‌వేరునకు సరళమైన పద్ధతి చాలునని గుర్తుచేసెను.

ఇంత తంతు అవసరమా యని సందేహించువారికి 2024 మార్చి నెల సమాధానము. ఎక్సుజెడ్ అను కుదింపు సాధనము లినక్సు యంత్రములలో విరివిగ వాడుకలో నున్నది. దానిని చిరకాలము ఒక్క నిర్వాహకుడే అలసటతో నడుపుచుండెను. 2021 ప్రాంతమున మారుపేరుతో వచ్చిన ఒకడు ఓర్పుతో మంచి సవరణలు తెచ్చి, నమ్మకము సంపాదించి, క్రమముగ తానును నిర్వాహకుడయ్యెను. పిదప 5.6.0, 5.6.1 అను విడుదలలలో, దూరమునుండి యంత్రములలోనికి చొరబడుటకు వీలగు దొంగద్వారమును దాచెను. లాగిన్ కావలసినదానికన్న అర సెకను ఆలస్యమగుటను చూచి సందేహించిన ఆండ్రెస్ ఫ్రోయిండ్ అను ఇంజనీరు మార్చి 29వ తేదీన గుట్టు రట్టు చేసెను. ఇందు గమనింపదగిన దొకటి కలదు. ఆ ద్వారమును తెరచు కీలక భాగము బహిరంగ భాండారములో లేదు. విడుదలకై కట్టిన మూటలో మాత్రమే చేర్చబడినది. పదిమంది చూచు మార్గమున రాని పంక్తియే విషమైనది. మరియొక సంగతి: చదువువాడు ఒక్కడే యైనప్పుడు పరిశీలన పేరునకు మాత్రమే మిగులును.

తెలుగు పనికి ఈ రెండవ సంగతియే మిక్కిలి దగ్గరది. విద్యార్థిని వినతిని చూడవలసిన నిర్వాహకుడు జర్మనీలోనో బ్రెజిలులోనో యుండును. పరీక్షలు నెగ్గినవా, శాఖ శుభ్రముగ నున్నదా, లైసెన్సు సరిగ నున్నదా అనునవి అతడు చూడగలడు. "భద్రపరచు" సరియగు పదమో కాదో అతడేమి ఎరుగును? తెలియని భాషలో వచ్చిన పంక్తిని నమ్మి చేర్చుకొనుట, లేక భయపడి నిలిపియుంచుట - ఈ రెండే అతనికి దారులు. మొదటి దారిలో తప్పు అనువాదములు, ఒక్కొక్కప్పుడు కొంటె వ్రాతలును లోనికి పోవును. రెండవ దారిలో మంచి వినతులు మూలబడును. ఈ చిక్కును తీర్చగలవాడు తెలుగు తెలిసిన రెండవ పాఠకుడు. అట్టివాడు కార్యక్రమ రచన నేర్చి యుండనక్కరలేదు. గిట్‌హబ్‌లో ఒక పేరు నమోదు చేసికొని, తెలుగు వినతులను తెరచి, పంక్తి ప్రక్కన తన అభిప్రాయము వ్రాయుట కెవరి అనుమతియు అక్కరలేదు. సాధారణముగ విలీనము చేయు అధికారము అతనికి లేకున్నను, "నేను తెలుగువాడను, చదివితిని, ఇది సరియే, ఈ పంక్తి మాత్రము మార్చవలెను" అను ఒక్క వ్రాతతో దూరదేశపు నిర్వాహకునికి ఆధారము దొరకును. క్రొత్తగా పంక్తులు వ్రాయువారికన్న ఇట్టి చదువరుల అవసరమే తెలుగునకు ఎక్కువ. విశ్రాంత ఉపాధ్యాయులు, అచ్చుప్రతులు దిద్దుటలో చేయితిరిగినవారు దీనికి సర్వవిధముల తగినవారు.

లైసెన్సును గూర్చి ఒక మాట. తెచ్చిన పాఠము తనదై యుండవలెను, లేదా తెచ్చుటకు తనకు హక్కుండవలెను. లినక్సులో 2004నుండి ప్రతి నమోదు క్రిందను తెచ్చినవారు ఈ మేరకు తమ పేర ఒక పంక్తి చేర్చు ఆచారము కలదు. హక్కులు గల నిఘంటువునుండి అర్థములు ఎత్తి వ్రాసి, అవి తెలుగు సొత్తే గదా యనుట చెల్లదు. 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువువంటి పాత గ్రంథములకు ఆ అడ్డు లేదు.

తిరిగి ఊహించిన ఉదాహరణమునకు వత్తము. వినతిని చదివిన రెండవ తెలుగు పాఠకుడు, హైదరాబాదువాడనుకొందము, క్రొత్త చిక్కును చూపును: నిలువచేయు మీటకు "భద్రపరచు" అనుట బాగుగనే యున్నది గాని, రెండవ మీటపై "దాచు" మిగిలిపోయినచో దానిని నిలువచేయుటయని భావించువారు మిగిలియే యుందురు, దానిని "మరుగుపరచు" అనవలెను. అది వేరు పనియా, అదే పనియా అని కొంత చర్చ జరుగును. ఒకే అయోమయమును తీర్చునవి గావున ఒకే శాఖలో ఉండవచ్చునని తేలును. విద్యార్థిని రెండవ నమోదును చేర్చును. చిన్న తెరపై రెండు పదములును పట్టినట్లు చిత్రములు జతపరచును. నిర్వాహకుడు విలీనపు మీట నొక్కును. శాఖ చీటి చింపివేయబడును. దానితో ఇక పని లేదు. రెండు పంక్తులు, వాని ప్రక్కన ఆమె పేరు, తేదీ, కారణము మాత్రము ప్రధాన శాఖ చరిత్రలో నుండును. తరువాతి విడుదలలో, విజయనగరములోనో వరంగల్లులోనో ఒకడు తన పత్రమును భద్రపరచి కంప్యూటరు మూసికొనును; ఆ మీటపై ఒకప్పుడు వేరు పదముండెనని వానికి తెలియదు.